ఎన్నో పేజీలో ఆపావు?

ఒక తెలుగు టీచరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. జిల్లా పరిషత్ హైస్కూలు, 6 నుంచి 10 వరకు తరగతికి 40 మంది చొప్పున 200 మంది పిల్లలు. నాలుగు బీరువాల్లో 900 పుస్తకాలు. లైబ్రేరియన్ లేరు, తెలుగు టీచరుకే ఆ బాధ్యత కూడా. ప్రతి తరగతికీ వారానికి ఒక లైబ్రరీ పీరియడు. పిల్లలు వస్తారు, పేజీలు తిప్పుతారు, అక్కడే పెట్టేసి వెళ్లిపోతారు. ఇంటికి తీసుకెళ్లేది ఎప్పుడూ ఆ పదిహేను మందే. మిగతావాళ్లకి నచ్చే పుస్తకం దొరకాలంటే ఏం చేయాలి?

పేజీలు తిప్పుతున్నారంటే వెతుకుతున్నట్టే. దొరకట్లేదు, అంతే. కాబట్టి "మా పిల్లలకి చదవడం మీద ఇష్టం లేదు" అని అప్పుడే తీర్మానించకండి. ఇన్ని పుస్తకాల్లో తనకి సరిపడేది ఏదో ఆరో తరగతి పిల్లకి తెలియదు. ఆ పిల్లకి ఏది సరిపడుతుందో మీకూ ఇంకా తెలియదు. మామూలుగా టీచర్లు పుస్తకం ఇచ్చేటప్పుడు శ్రమపడతారు, మంచి పుస్తకాల జాబితాలు తయారు చేస్తారు. నా లెక్కలో అసలు పని పుస్తకం తిరిగొచ్చిన రోజున జరుగుతుంది. ఆ సంగతికి వస్తాను గానీ, ముందు బీరువాల పని ఒకటుంది.

బీరువాలో నిజంగా ఎన్ని ఉన్నాయి

మూడు సాయంత్రాలు పెట్టుకుని, తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇద్దరు ముగ్గురిని సాయం తీసుకుని, బీరువాలన్నీ నేలమీద పరవండి. గైడ్లు, మోడల్ పేపర్లు, పాత సిలబస్ పాఠ్యపుస్తకాలు, శిక్షణ మాడ్యూళ్లు, ఎప్పుడో పైనుంచి వచ్చిన నివేదికలు ఒక గుట్ట. చెదలు తిన్నవి, పేజీలు ఊడినవి ఇంకో గుట్ట. పెద్దవాళ్ల గ్రంథాలు మూడోది. ఇవన్నీ పోగా పిల్లలు చదవగలిగినవి 300 మిగిలితే ఆశ్చర్యపోకండి. పిల్లలకి కనిపించాల్సింది ఆ 300 మాత్రమే. తక్కిన 600 మధ్యలో అవి ఇరుక్కుని ఉండబట్టే మీ పీరియడు తిప్పడంతో సరిపోతోంది.

పనికిరానివాటిని పారేయకండి, పాత పేపర్లవాడికి అమ్మకండి. స్టాకు రిజిస్టరులో నంబరున్న ప్రతిదీ ప్రభుత్వ ఆస్తే. నంబర్లతో జాబితా రాసి, హెచ్‌ఎం సంతకం పెట్టించి, కట్టలు కట్టి వేరే గదిలోకి చేర్చండి. రిజిస్టరులోంచి కొట్టేసే పని దాని పద్ధతిలో, నింపాదిగా జరగనివ్వండి. బీరువాలు గోడకి నాలుగంగుళాలు ఎడంగా ఉండాలి. చెక్కవైతే కాళ్లకింద ఇటుకలు పెట్టాలి. చెదలు గోడమీదుగానూ, నేలమీదుగానూ వస్తాయి. లోపల వేసే కలరా ఉండలు వెండి పురుగుని ఆపుతాయి గానీ చెదల్ని ఆపవు.

ఇక తాళం సంగతి. బీరువా తెరవకపోవడానికి చాలా బళ్లలో అసలు కారణం భయం. పుస్తకం పోతే తన జీతంలోంచి కట్టాలేమోనని ఇన్‌ఛార్జి టీచరు భయం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో (2017) 215వ నియమం, ఏడాదిలో ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకి 5 పోవడం సహజమేననీ, అందులో నిర్లక్ష్యం, మోసం లేకపోతే చాలనీ ఒప్పుకుంటుంది. ₹1,000కి మించిన ధర పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్ర సంస్థల నియమం, జిల్లా పరిషత్ బడికి నేరుగా వర్తించదు. అయినా హెచ్‌ఎంతో మాట్లాడటానికి గట్టి ఆధారం. ఏడాది మొదట్లోనే, ఫలానా సంఖ్య దాకా పోయినా ఫర్వాలేదని స్టాఫ్ మీటింగు తీర్మానాల పుస్తకంలో రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం రాయించుకుంటే బీరువా తెరవడానికి చెయ్యి వణకదు.

అట్ట కనపడాలి

తెలుగులో పిల్లల పుస్తకాల్లో చాలా భాగం మధ్యలో పిన్నులు కొట్టిన 16, 24, 32 పేజీల సన్నటివి. వాటికి వీపు ఉండదు. బీరువాలో నిలబెడితే రెండు లావు పుస్తకాల మధ్య కాగితం ముక్కల్లా మాయమవుతాయి. మీ దగ్గర ఎక్కువమందికి నచ్చేవి బహుశా అవే.

రెండు పనులు చేయండి. కిటికీ నుంచి కిటికీకి నైలాన్ తాడు రెండు వరసలు కట్టండి, ఒకటి మూడడుగుల ఎత్తులో, ఇంకోటి నాలుగున్నర అడుగుల ఎత్తులో. బట్టల క్లిప్పులతో 40 పుస్తకాలు అట్ట ముందుకి కనపడేలా తగిలించండి. పిన్నుల దగ్గర బరువు పడి చిరగకుండా, మధ్య పేజీ తెరిచి తాడుమీద వేలాడేసి, పైన క్లిప్పు పెట్టాలి. మిగతా సన్నటివన్నీ కూరగాయల ప్లాస్టిక్ ట్రేలలో అట్టలు ముందుకి ఉండేలా నిలబెట్టండి. పాత పోస్టుకార్డుల డబ్బాలో కార్డులు తిప్పినట్టు పిల్లలు తిప్పి చూసుకుంటారు. రెండు వారాలకోసారి తాడుమీద సగం మార్చండి. మొత్తం మార్చేస్తే, పోయిన వారం కన్నేసి ఉంచినది కనపడక పిల్లలు నిరాశ పడతారు.

అట్టలేసే అలవాటు మనకి బడి పుస్తకాల నుంచి వచ్చింది. కథల పుస్తకానికి బ్రౌన్ పేపరు వేస్తే దాని మొహం కప్పేసినట్టే. వేయాలనుకుంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటే వేయండి.

పెద్ద గ్రంథాలయాల్లో విషయాన్ని బట్టి వేసే డ్యూయీ నంబర్లు, విషయ సూచికలు 300 పుస్తకాలకి అక్కర్లేదు. రంగు బిళ్లలు చాలు: నవ్వించేవి పసుపు, దెయ్యాలూ మాయలూ నలుపు, జంతువులు ఆకుపచ్చ, నిజంగా బతికిన మనుషులు ఎరుపు, ఎలా పనిచేస్తుంది-ఎందుకు జరుగుతుంది తరహావి నీలం, బడీ ఇల్లూ స్నేహాలూ నారింజ. ఒక్క హెచ్చరిక: చదివే స్థాయిని బట్టి రంగులు వేయకండి. "నీది ఎర్ర బిళ్లేనా?" అని ఒక్కడు అంటే చాలు, ఆ పిల్లాడు మళ్లీ ఆ ట్రే వైపు రాడు. స్థాయి గుర్తు మీకు మాత్రమే తెలిసేలా చివరి అట్ట లోపల పెన్సిల్‌తో పెట్టుకోండి.

ఏం అడగాలి

"నీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే లాభం లేదు. చదివినవాళ్లకే దానికి జవాబు తెలుస్తుంది. తక్కినవాళ్లు మీకు నచ్చుతుందనుకున్నదే చెబుతారు: "నీతికథలు టీచర్." మీరు నీతికథలిస్తారు, వాళ్లు మర్నాడు తిరిగిచ్చేస్తారు, ఇద్దరూ మర్యాదగా మోసపోతారు.

ఇలా అడగండి. ఈ మధ్య ఎవరూ చెప్పకుండానే చివరిదాకా చూసిన సినిమాగానీ వీడియోగానీ ఏది? అన్నం తినేటప్పుడు ఫ్రెండ్స్‌తో ఏ సంగతులు మాట్లాడతావు? భయం వేసే కథ కావాలా, నవ్వొచ్చేదా? నిజంగా జరిగింది కావాలా, కల్పించిందా? ఇంట్లో నీకు కథ చెప్పింది ఎవరు, ఏ కథ? మూడు నిమిషాల్లో అయిపోతుంది. జవాబుల్ని పిల్లకొకటి చొప్పున పోస్టుకార్డంత అట్టముక్క మీద రాసుకోండి. ట్రాక్టర్లు, బావిలో ఈత, అన్నతో పోట్లాట, అమ్మమ్మ చెప్పిన పేదరాశి పెద్దమ్మ కథ... ఇలాంటి నాలుగు మాటలు చాలు.

తరవాత నాలుగైదు పుస్తకాలు ముందు పెట్టండి. ఒక్కటే పెడితే అది ఆజ్ఞ అవుతుంది, ఇరవై పెడితే మళ్లీ బీరువానే. ఒకటి కచ్చితంగా తేలికది, ఒకటి అడిగిన విషయం మీదది, ఒకటి బొమ్మలదో ఫొటోలదో, ఒకటి ఊహించనిది ఉండాలి. పెట్టి పక్కకి వెళ్లిపోండి. పక్కనే నిలబడి చూస్తుంటే టీచరు మొహం చూసి తీసుకుంటారు.

ఇక్కడ పెద్దవాళ్లం చేసే తప్పొకటి ఉంది. మన చిన్నప్పటి ఇష్టాన్ని వాళ్లమీద రుద్దుతాం. 1947 జూలైలో మొదలై కొన్ని తరాల్ని పెంచిన చందమామ ఇప్పుడు రావట్లేదు. మీ బీరువాలో పాత బైండు ఉంటే అది నల్లబిళ్ల ట్రేలో ఒక పుస్తకం మాత్రమే. "మేమైతే దీనికోసం కొట్టుకునేవాళ్లం" అన్న మాట వినగానే పిల్లలకి అది పాఠంలా తోస్తుంది.

వేళ్ల పరీక్ష, తెలుగుకి తగ్గట్టు

పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి, అర్థంకాని ప్రతి మాటకీ ఒక వేలు ముడవడం, అయిదూ ముడుచుకుంటే అది ఇప్పటికి కష్టమనుకోవడం అందరూ చెప్పే పద్ధతే. ఇంగ్లీషు పుస్తకాలకి పుట్టిన లెక్క అది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అంటుకుని వస్తాయి కాబట్టి అదే విషయానికి మాటలు తక్కువ, ఒక్కో మాట పొడవు ఎక్కువ. పిల్లల పుస్తకంలో పేజీకి 50, 60 మాటలే ఉంటే మూడు వేళ్లకే ఆగాలి.

ఇంకో తేడా కూడా ఉంది. మన లిపిలో అక్షరం వస్తే ఏ మాటనైనా పైకి చదివేయొచ్చు, అర్థం తెలియక్కర్లేదు. కాబట్టి గడగడా చదివాడని పుస్తకం సరిపోయిందనుకోకండి. "ఇప్పుడు ఏం జరుగుతోంది?" అని ఒక్కటి అడగండి. దానికి భిన్నంగా ఒత్తుల దగ్గర, పొడవాటి సమాసాల దగ్గర కూడబలుక్కుంటూ చదివేవాళ్లుంటారు. వీళ్లు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. వీళ్లకి విషయం తేలికైతే సరిపోదు, పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు, పేజీకి నాలుగైదు లైన్లు ఉండాలి.

వేళ్లన్నీ ముడుచుకున్నా "నాకిదే కావాలి" అని పట్టుబడితే మాత్రం ఇచ్చేయండి. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లాడు తన స్థాయికి మించిన క్రికెట్ పుస్తకాన్ని ఈదుకుంటూ పోతాడు. ఇష్టం ముందు ఈ లెక్కలు నిలవవు.

పుస్తకం తిరిగొచ్చిన రోజు

ఇష్యూ రిజిస్టరులో తేదీ, పుస్తకం నంబరు, పేరు, తరగతి, వాపసు తేదీ ఉంటాయి. ఇంకో గడి కలపండి: ఎన్నో పేజీ. పుస్తకం తెచ్చినప్పుడు "కథేంటో చెప్పు", "నీతి ఏమిటి?" అని అడగొద్దు. అలా అడిగితే చదవనివాళ్లు బెదిరిపోతారు, చదివినవాళ్లు విసుక్కుంటారు. "ఎన్నో పేజీలో ఆపావు?" అని మామూలుగా, బస్సు ఎక్కడ దిగావని అడిగినట్టు అడగండి. ఆపడం తప్పు కాదని మొదటి పీరియడులోనే చెప్పి ఉంచాలి. చెబితే చాలదు, ఆపిన పిల్లకి వెంటనే ఇంకోటి చేతిలో పెడితేనే నమ్ముతారు.

ఆ అంకె చాలా చెబుతుంది. రెండు మూడు పేజీల్లో ఆపితే విషయానికి దోషం లేదు, అచ్చో భాషో అడ్డొచ్చింది. అదే విషయం మీద బొమ్మలెక్కువున్నది, అక్షరం పెద్దది ఇవ్వండి.

పది, పదిహేను పేజీల దగ్గర ఆపితే చాలాసార్లు కారణం మనుషుల పేర్లు. పాత బళ్ల బీరువాల్లో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల సోవియట్ అనువాదాలు ఇప్పటికీ కనిపిస్తాయి. బొమ్మలు, కథలు బ్రహ్మాండంగా ఉంటాయి గానీ ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట తండ్రి పేరు కలిపి, ఒకచోట ముద్దుపేరుతో పిలుస్తారు. పిల్ల ముగ్గురనుకుని తికమకపడి మూసేస్తుంది. ఒక పొడవాటి అట్టముక్క మీద ఎవరు ఎవరో నాలుగు లైన్లలో రాసి పుస్తకంలో పెట్టండి. పేజీ గుర్తుగానూ పనికొస్తుంది. ఎప్పుడూ కదలని పుస్తకాలు ఇలా కదిలిపోతాయి.

సగంలో ఆపితే, కథ నచ్చింది గానీ సత్తువ చాల్లేదని అర్థం. ఇక్కడ నవల నుంచి కథలకి మార్చాలి, విషయం మార్చక్కర్లేదు. ఒక్కరోజులో పూర్తిచేసి తెచ్చిన పిల్లని నిలబెట్టి పరీక్ష చేయకండి. అదే రచయితది, అదే రకంది ఆ పూటే ఇచ్చేయండి. వేడి మీదున్న పిల్లని "వచ్చే పీరియడుకి రా" అని పంపేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. "మొత్తం చదివేశా" అని నేల చూపులు చూస్తూ చెబితే చదవలేదన్నమాట. గుచ్చి గుచ్చి అడగొద్దు. గడిలో ప్రశ్నార్థకం వేసుకుని, ఈసారి సన్నటిది ఇవ్వండి.

తరవాతి పుస్తకం ఎంచడానికి ఒక్క సూత్రం పెట్టుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏడో తరగతి అబ్బాయి పాముల ఫొటోల పుస్తకం రాత్రికి రాత్రి పూర్తిచేశాడనుకోండి. వెంటనే అడవి నవల ఇస్తే విషయం, రూపం, పొడవు మూడూ ఒకేసారి మారతాయి, పిల్లాడు జారిపోతాడు. ముందు పాములు పట్టేవాళ్ల నిజజీవితం గురించి 24 పేజీలది ఇవ్వండి. పాములు అవే, ఫొటోల బదులు కథ. ఆ తరవాత ఏనుగుల మావటీ గురించి. పొడవు అంతే, జంతువు మారింది. అప్పుడు అడవి కథల సంపుటి. నాలుగు మెట్లు, రెండు నెలలు. తొందరపడి నవల ఇస్తే ఆ రెండు నెలలూ వృథా.

40 నిమిషాల లెక్క

పీరియడులో 40 మందికీ మీరే ఇష్యూ చేస్తే మిగతాదేదీ జరగదు. తరగతికి ముగ్గురు పిల్లల్ని పెట్టండి, ఇద్దరు రాయడానికి, ఒకరు తాడూ ట్రేలూ సర్దడానికి. నెలకోసారి మార్చండి. మొదటి 5 నిమిషాలు వాపసులు. తరవాత 5 నిమిషాలు మీరు రెండు పుస్తకాల గురించి చెప్పాలి. పొగడొద్దు. కథలో చిక్కు ముడిపడే దాకా ఒకటిన్నర పేజీ పైకి చదివి, అక్కడ టక్కున మూసేయండి. తరవాత 20 నిమిషాలు అందరూ చదువుకుంటారు, చివరి 10 నిమిషాలు ఇష్యూ.

ఆ 20 నిమిషాల్లో ఐదుగురిని ఒక్కొక్కరిగా మీ బల్ల దగ్గరికి పిలిచి, పైన చెప్పిన మూడు నిమిషాల కబుర్లు చెప్పండి. వారానికి ఐదుగురంటే 8 వారాలకి తరగతి మొత్తం ఒక చుట్టు వస్తుంది. మొదట ఆ పదిహేను మందిని కాదు, ఎప్పుడూ తీసుకోనివాళ్లని పిలవండి. మిగతావాళ్లకి తాడూ, తోటివాళ్లూ చాలు.

చదివే 20 నిమిషాల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకండి. ఇంటికెళితే చాలామంది ఆడపిల్లలకి గిన్నెలు, నీళ్లు, చంటిపిల్లల పని. మగపిల్లల్లో కొందరికి పశువుల పని. వాళ్లకి చదివే చోటు బడి ఒక్కటే. డిసెంబరు వచ్చేసరికి పదో తరగతి లైబ్రరీ పీరియడు స్పెషల్ క్లాసు కింద పోతుంది, దానితో పోట్లాడి గెలవడం కష్టం. వాళ్లకి ఒక్క కూర్చోటంలో అయిపోయేవి క్లాసు రూములోనే ఒక ట్రేలో ఉంచండి. సత్యం శంకరమంచి అమరావతి కథల్లాంటివి దీనికి బాగుంటాయి. వంద కథలు, ఒక్కోటీ కొన్ని పేజీలే.

తోటివాళ్ల మాటకున్న విలువ మన మాటకి లేదు. ప్రతి పుస్తకం చివరి అట్టకి తెల్లకాగితం అంటించి, "ఇది ఎవరికి నచ్చుతుంది?" అని పైన రాయండి. "బాగుంది" అన్న మాట ఏమీ చెప్పదు. "తమ్ముడితో గొడవలు పడేవాళ్లకి", "రాత్రి ఒక్కళ్లే బయటికెళ్లలేని వాళ్లు చదవొద్దు" లాంటివి మాత్రం పుస్తకాన్ని చేతికి అందిస్తాయి.

పెద్ద తరగతి, చిన్న చదువు

తొమ్మిదో తరగతిలో ఉండి రెండో తరగతి స్థాయిలో చదివే పిల్లల గురించి మీరు ప్రశ్నలో రాయలేదు గానీ, పేజీలు తిప్పి పెట్టేసేవాళ్లలో వీళ్లు తప్పకుండా ఉంటారు. మీసాలు వస్తున్న అబ్బాయి అందరి ముందు కుందేలు బొమ్మ పుస్తకం తీసుకోడు. తీసుకునే మిష కల్పించాలి. పక్కనే ప్రాథమిక పాఠశాల ఉంటే వారానికోసారి అరగంట చిన్నపిల్లలకి చదివి వినిపించే పని వీళ్లకే అప్పగించండి. వినిపించాలంటే ముందు నాలుగుసార్లు చదువుకోవాలి, అదీ గౌరవంగా. పొడుపుకథలు, జోకులు, ఫొటోకింద రెండు లైన్లున్న జంతువుల, యంత్రాల పుస్తకాలు, ఈనాడు హాయ్ బుజ్జీ పేజీ కత్తిరించి కుట్టిన బైండ్లు: వీటికి వయసు ముద్ర ఉండదు.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవడానికి లైసెన్సు అడ్డురాదు. అక్కడ నాలుగు స్థాయిలున్నాయి. మొదటిది దాదాపు 250 మాటల లోపు, నాలుగోది 1,500 దాటినవి. ఆ గుర్తు మొదటి అట్టమీదే ఉంటుంది, ప్రింటు తీసినప్పుడు దానిమీద మీ రంగు బిళ్ల అంటించేయండి.

ఇంగ్లీషు మీడియం వచ్చాక ఇంకో చిక్కు: రెండు భాషలూ సగం సగం వచ్చిన పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఉండటంతో అక్కడి పిల్లలకి అది అలవాటే. తూలిక, ప్రథమ్ లాంటి ప్రచురణకర్తల ద్విభాషా పుస్తకాలు వాళ్లకి సులువుగా అందుతాయి. ఏ భాషలో చదవాలో మీరు చెప్పకండి. కథల పుస్తకాన్ని స్పోకెన్ ఇంగ్లీషు సాధనం చేస్తే అది కథల పుస్తకంగా మిగలదు.

వాళ్ల ఊరి మాట

పుస్తకంలో మాట్లాడే తీరు, ఇంట్లో మాట్లాడే తీరు ఒకటి కాదని పిల్లలకి చిన్నప్పుడే తెలిసిపోతుంది. పుస్తకం మనది కాదన్న భావం కొంత అక్కడ పుడుతుంది. చిత్తూరు వైపు పిల్లలకి నామిని కథలోంచి ఒక పేజీ, నెల్లూరు జిల్లా పిల్లలకి ఖదీర్‌బాబు దర్గామిట్ట కథల్లోంచి ఒక పేజీ పైకి చదివి చూడండి. క్లాసులో నవ్వు వేరుగా ఉంటుంది. మీ జిల్లా మాండలికంలో రాసినవాళ్లెవరో వెతకండి. ఒక జాగ్రత్త: ఇవి పిల్లల గురించిన కథలే గానీ అన్నీ పిల్లల కోసం రాసినవి కావు. బూతుమాట, పెద్దవాళ్ల వ్యవహారం ఎక్కడుందో ముందు మీరు చదివి, ఏవి పైకి చదవాలో, ఏవి తొమ్మిది, పదికి మాత్రమే ఇవ్వాలో తేల్చుకోండి.

దెయ్యాల కథలకి మాత్రం భయపడకండి. అమాయకంగా కనిపించే పాత హాస్య కథల్లో నల్లటి మనిషినీ, పెళ్లాన్నీ, ఫలానా కులంవాణ్ణీ వెక్కిరించే చోట్లే నాకు ఎక్కువ ఇబ్బంది.

ఏం కొనాలి

బళ్లకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ₹5,000 నుంచి ₹20,000 దాకా ఉంటుంది. వచ్చిన డబ్బుని ఒక్కసారి ఖర్చుపెట్టాలని ఒత్తిడి ఉంటుంది గానీ, వీలైతే పావు వంతు పిల్లలు అడిగినవాటికోసం ఆపండి. అడిగిందేదో రాయడానికి ట్రే పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీయండి. సప్లయర్లు తెచ్చే "50 మహనీయుల సెట్టు", "నీతికథల సెట్టు" వద్దు. ఒకే అచ్చులో పోసిన ఆ సెట్లు ఏళ్ల తరబడి కొత్తగానే ఉంటాయి, అదే వాటి మీద తీర్పు. లావు విజ్ఞాన సర్వస్వం ధరకి సన్నటి పుస్తకాలు పాతిక వస్తాయి. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం, మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థల జాబితాలు ముందు పెట్టుకుని ఎంచండి. నవ్వించేవి, భయపెట్టేవి రెండేసి ప్రతులు కొనండి. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు మీకు అందుబాటులో ఉంటే నలుగురు పిల్లల్ని తీసుకెళ్లి, తలా ₹300 విలువైనవి వాళ్లనే ఎంచమనండి. అందులో ఇద్దరు ఎప్పుడూ పుస్తకం తీసుకోనివాళ్లయి ఉండాలి.

1931లో ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అంటుంది. మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. మూడోదాన్ని మనం మర్చిపోతాం. ఏడాదంతా ఒక్కసారీ కదలని పుస్తకాల్ని తీసి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి, పైన మూడే మాటలు రాయండి: "దొంగ, వాన, మేక". విప్పకుండా తీసుకోవాలి. అప్పుడూ కదలనివి వచ్చే ఏడు కట్టల్లోకి పంపేయొచ్చు.

ఇవి చేయకండి

ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి పెట్టొద్దు. పెట్టిన వారంలోనే అందరూ 16 పేజీలవి ఏరుకుంటారు, సగం మంది అబద్ధం చెబుతారు, నెమ్మదిగా చదివే పిల్ల ఓడిపోయినట్టవుతుంది. సమీక్ష రాయమని నిర్బంధించొద్దు. జరిమానా వద్దు, పావలా అయినా సరే. జరిమానా ఉన్నచోట పేద పిల్లలు అసలు పుస్తకమే తీసుకోరు. చిరిగితే జిగురుతో అంటించే పని, పోతే పది రోజులు ట్రేలు సర్దే పని చాలు. అల్లరి చేశాడని లైబ్రరీ పీరియడు నుంచి బయట నిలబెట్టడం అన్నిటికంటే అన్యాయం. ఎక్కువగా అలా నిలబడే పిల్లాడికే ఆ పీరియడు కావాలి.

సెలవులు

ఏప్రిల్ చివర బీరువాలకి తాళం పడి జూన్ రెండో వారం దాకా తెరుచుకోదు. పిల్లలకి తీరికుండేది ఆ ఏడు వారాలే. ఆఖరి పనిదినానికి నాలుగు రోజుల ముందు తలా ఐదు పుస్తకాలు ఇవ్వండి. పక్కిళ్ల పిల్లలు ముగ్గురిని ఒక జట్టు చేసి, మార్చుకుని చదవమంటే తలా పదిహేను అవుతాయి. ఉన్న 300 పుస్తకాలు అందరికీ అలా చాలవు, తక్కువైనచోట స్టోరీవీవర్ ప్రింట్లు కలపండి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే మార్చిలోనే ఒక శనివారం తరగతిని నడిపించుకెళ్లి సభ్యత్వం ఇప్పించండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వాళ్ల అమ్మానాన్నలు కడుతున్నదే అది. జూన్‌లో పుస్తకాలు వెనక్కి తీసుకునేటప్పుడు ఐదింటికీ ఆ 'ఎన్నో పేజీ' గడి నింపండి. కొత్త ఏడాదిలో ఎవరికి ఏమివ్వాలో, గ్రాంటుతో ఏం కొనాలో ఆ అంకెలు చూస్తే తెలిసిపోతుంది.